వెనక కూర్చున్న హార్ప్సికార్డ్ ముందుకొచ్చే దాకా: బరోక్ కాన్సెర్టోలో వాద్యాలనీ టెక్స్చర్‌నీ విడదీసి వినడం ఎలా

కచేరీలు వింటూ పెరిగిన చెవికి ఒక అలవాటు ఉంటుంది. పాట ఎవరి దగ్గరుంటే వాళ్ల వెంటే వెళ్తుంది. గాయకుడు పాడుతుంటే ఆయన వెంట, ఆయన ఆగి వయొలిన్‌కి వదిలితే వయొలిన్ వెంట. జర్మన్ స్వరకర్త బాక్ రాసిన బ్రాండెన్‌బర్గ్ కాన్సెర్టో 5ని మొదటిసారి నేను ఈ అలవాటుతోనే విన్నాను. అదీ వంట చేస్తూ, ఫోన్ స్పీకర్‌లో. ఓ ఆరు నిమిషాలయ్యాక అందరూ వాయించడం మానేసినట్టనిపించింది. ఏదో గలగలమంటూ ఒక్క శబ్దమే ఆగకుండా వస్తోంది. ఫైల్ పాడైందేమో అనుకుని ముందుకి జరిపేశాను. అలా ఆ కాన్సెర్టోలో అసలు ఘట్టాన్నే దాటేశానని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

బరోక్ అంటే సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం, కాన్సెర్టో అంటే కొందరు ముఖ్య వాద్యకారులూ వాళ్ల వెనక ఓ బృందమూ కలిసి వాయించే రచన. బరోక్ కాన్సెర్టోలో ట్యూన్ పట్టుకుంటే సగం కథే చేతికొస్తుంది. మిగతా సగం ఎవరు వాయిస్తున్నారు, ఎవరు ఊరుకున్నారు, ఒకే సమయంలో ఎన్ని వేర్వేరు దారాలు నడుస్తున్నాయి అన్నదాంట్లో ఉంటుంది. ఈ అల్లికనే టెక్స్చర్ అంటారు. చీర నేత లాగే అనుకోండి. రంగు ఒకటే అయినా పోగులు దగ్గరగా ఉన్నచోట ఒకలా, పలచగా ఉన్నచోట ఇంకోలా కనిపిస్తుంది. ఈ వ్యాసంలో ఆ పోగులు లెక్కపెట్టడం నేర్చుకుందాం. ఉదాహరణకి ఆ 5వ కాన్సెర్టోనే తీసుకుంటున్నాను, ఎందుకంటే అందులో వెనక కూర్చుని తోడు వాయించాల్సిన హార్ప్సికార్డ్, పియానో లాంటి ఓ పాత వాద్యం, మెల్లమెల్లగా ముందుకొచ్చి కచేరీ మొత్తాన్ని తన చేతుల్లోకి తీసుకుంటుంది.

మొదట, వినే ఏర్పాటు

ఫోన్ స్పీకర్ వద్దు. దాంట్లో కింది స్వరాలు దాదాపు వినపడవు. బరోక్ సంగీతంలో కింది స్వరం పోయిందంటే పునాది పోయినట్టే. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. మొదటిసారికి వీడియో ఉన్న రికార్డింగ్ మంచిది, ఎవరి చేతులు కదులుతున్నాయో కళ్లు చెబుతాయి. నెదర్లాండ్స్ బాక్ సొసైటీ వాళ్లు యూట్యూబ్‌లో బాక్ రచనల్ని ఉచితంగా పెడుతున్నారు, అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. స్కోర్, అంటే అన్ని వాద్యాల స్వరాలూ రాసి ఉండే ప్రతి, చదవడం రాకపోయినా పర్లేదు. వస్తే ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఓ తెల్లకాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నేను కొన్నిచోట్ల బార్ నంబర్లు ఇస్తాను. బార్ అంటే మన ఆవర్తనం లాంటి కొలత అనుకోండి. నిమిషాలు మాత్రం వాయించే వేగాన్ని బట్టి రికార్డింగ్‌కీ రికార్డింగ్‌కీ మారతాయి.

రెండు: వేదిక మీద ఎవరెవరున్నారో రాసుకోండి

1721 మార్చి 24న బాక్ ఆరు కాన్సెర్టోల రాతప్రతిని బ్రాండెన్‌బర్గ్ మార్‌గ్రేవ్ (ఓ రాజవంశీకుల బిరుదు) క్రిస్టియన్ లుడ్విగ్‌కి అంకితమిచ్చాడు. అప్పుడు బాక్ కోతెన్ అనే చిన్న సంస్థానంలో లియోపోల్డ్ రాజు దగ్గర ఆస్థాన సంగీత నిర్వాహకుడు. ‘బ్రాండెన్‌బర్గ్’ అన్న పేరు ఆయన పెట్టింది కాదు, 19వ శతాబ్దంలో జీవిత చరిత్రకారుడు ఫిలిప్ స్పిట్టా పెట్టాడు. బాక్ రాసుకున్నది ‘అనేక వాద్యాలతో ఆరు కాన్సెర్టోలు’ అని, అదీ ఫ్రెంచ్‌లో. ‘అనేక వాద్యాలు’ అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆరింటిలో ఏ రెండింటికీ వాద్యాల జాబితా ఒకటి కాదు. 6వ దాంట్లో అయితే అసలు వయొలిన్లే లేవు.

5వ దాని జాబితా ఇది. ముందు వరసలో ముగ్గురు: ఫ్లూట్, వయొలిన్, హార్ప్సికార్డ్. ఈ చిన్న గుంపుని కాన్సెర్టినో అంటారు. వెనక వరసలో వయొలిన్, వయోలా, చెల్లో, వయొలోనె. ఇది రిపియెనో. ఒక్కో పేరుకి ఒక్కరు చొప్పున వాయిస్తే మొత్తం ఏడుగురు సరిపోతారు. ఈ రోజుల్లో చాలా బృందాలు అలాగే వాయిస్తున్నాయి.

ఇప్పుడు వెనక వరసని ఇంకోసారి చూడండి. అప్పటి పద్ధతి ప్రకారం అక్కడ వేర్వేరు స్వరాలు వాయించే రెండు వయొలిన్లుండాలి. ఒక్కటే ఉంది. దాంతో మధ్య జాగా కొంచెం ఖాళీ అయింది, అల్లిక పలచబడింది. హార్ప్సికార్డ్ వినపడటానికి ఆ ఖాళీ బాగా పనికొచ్చింది.

ఒక్కో వాద్యం గొంతు తెలియకపోతే విడదీయడం కష్టం కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. ఈ ఫ్లూట్ ఇప్పటి మెరిసే లోహపు ఫ్లూట్ కాదు, ఒకే ఒక్క కీ ఉన్న చెక్క వేణువు. దాని కింది స్వరాలు చాలా మెత్తన, చుట్టూ నలుగురు గట్టిగా వాయిస్తే మునిగిపోతాయి. వయొలిన్లకి అప్పట్లో జంతువుల పేగుతో చేసిన తీగలు, శబ్దంలో కొంచెం గరుకుదనం ఉంటుంది. వయొలోనె అన్నిటికన్నా కింద ఉండే పెద్ద తీగ వాద్యం, విడిగా ‘వినపడదు’ కానీ ఆగితే మాత్రం నేల జారిపోయినట్టుంటుంది.

ఇక హార్ప్సికార్డ్. చూడ్డానికి పియానో లాగే ఉన్నా లోపల సుత్తులుండవు. కీ నొక్కితే ఒక చిన్న ముల్లు లేచి తీగని మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా దాదాపు ఒకే చప్పుడు. మీటాక శబ్దం త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి ఈ వాద్యంలో ఆవేశం చూపించాలంటే ఒకటే దారి, ఎక్కువ స్వరాలు వాయించడం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

మూడు: మొదటి ఇరవై సెకన్లు మూడుసార్లు

ఈ కాన్సెర్టోకి మూడు భాగాలు. మొదటి భాగం మొదలవగానే వయొలిన్లు డి మేజర్ కార్డ్‌ని (కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు) మెట్లెక్కినట్టు ఎక్కుతాయి, ఒక్కో స్వరాన్నీ రెండేసిసార్లు గబగబా కొడుతూ. మేజర్ స్కేల్ కదా, శంకరాభరణం అలవాటైన చెవికి వెంటనే సొంతింట్లోకి వచ్చినట్టుంటుంది. ఈ ప్రారంభ వాక్యాన్ని రిటోర్నెల్లో అంటారు, ‘మళ్లీ మళ్లీ తిరిగొచ్చేది’ అని అర్థం. మన పల్లవి చేసే పనే చేస్తుంది. కాకపోతే పల్లవిలా ప్రతిసారీ పూర్తిగా రాదు, ముక్కలు ముక్కలుగా, వేరే వేరే శ్రుతుల్లో వస్తుంది.

మొదటిసారి వినేటప్పుడు పైన వయొలిన్లని మాత్రం పట్టుకోండి. ముందు వరస వయొలిన్, వెనక వరస వయొలిన్ ఇద్దరూ ఇక్కడ ఒకే ట్యూన్ వాయిస్తారు, చెవికి ఒక్కటిగానే వినిపిస్తుంది. రెండోసారి పైనున్నదాన్ని పూర్తిగా వదిలేసి అడుగుకి దిగండి. చెల్లో, వయొలోనె, హార్ప్సికార్డ్ ఎడమ చెయ్యి కలిసి నడుస్తుంటాయి, పైవాళ్ల పరుగుకి సగం వేగంతో. ఇది బాసో కంటిన్యువో. బరోక్ కాలమంతా ఇంచుమించు దీని మీదే నిలబడింది. మన తంబురాతో పోల్చబోతారు చాలామంది. ఆ పోలిక నాకు నచ్చదు. తంబురా శ్రుతి మారదు, కంటిన్యువో ప్రతి క్షణం మారుతూ పైవాళ్లు తర్వాత ఎటు తిరగాలో దారి చూపిస్తుంది.

మూడోసారి ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎవరు వాయించట్లేదు?

ఫ్లూట్ వాయించట్లేదు. ముందు వరసలో ముగ్గురు ముఖ్యులున్నారని చెప్పి, మొదటి ఎనిమిది బార్లలో వాళ్లలో ఒకరిని ఖాళీగా కూర్చోబెట్టాడు బాక్. వయొలిన్ వెనక వాళ్లతో కలిసిపోయింది. హార్ప్సికార్డ్ కుడి చెయ్యి కార్డులు నింపుతోంది. స్కోర్ తీసి చూస్తే ఇక్కడ హార్ప్సికార్డ్ లైన్లో కింది స్వరాలూ వాటి దగ్గర అంకెలూ మాత్రమే ఉంటాయి. 6 అనో 7 అనో అంకె రాస్తే, ఏ కార్డ్ వెయ్యాలో వాద్యకారుడు అప్పటికప్పుడు చూసుకుంటాడు. అంటే ఈ నిమిషానికి అతను పక్కవాద్యం వాడే.

నాలుగు: పోగులు లెక్కపెట్టడం

9వ బార్‌లో ఒక్కసారిగా పలచబడుతుంది. వెనక వరస తప్పుకుంటుంది, ఫ్లూట్, వయొలిన్ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చిన్న చిన్న పలుకులు మొదలుపెడతారు. హార్ప్సికార్డ్ కుడి చేతికి ఇప్పుడు అంకెలు కాదు, పూర్తి స్వరాలు రాసి ఉన్నాయి.

ఇక్కడ మీ పెన్ను తీయండి. ఒకే క్షణంలో ఎన్ని వేర్వేరు పనులు జరుగుతున్నాయో లెక్కపెట్టండి. ఫ్లూట్ ఒకటి, వయొలిన్ రెండు, హార్ప్సికార్డ్ కుడి చెయ్యి మూడు, ఎడమ చెయ్యి నాలుగు. చెల్లో ఆ ఎడమ చెయ్యి వాయించేదే వాయిస్తే అది ఐదోది కాదు, అదే పోగుకి ఇంకో మెలిక. వాద్యాల సంఖ్య వేరు, పోగుల సంఖ్య వేరు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మొదట్లో ఎక్కువమంది వాయిస్తున్నా పోగులు తక్కువ, ఇప్పుడు తక్కువమంది ఉన్నా పోగులు ఎక్కువ. అందుకే సోలో చోట్ల శబ్దం తగ్గినా బుర్రకి పని పెరుగుతుంది.

వీటికి పేర్లున్నాయి. ఒక్క స్వరాల వరసే ఉంటే మోనోఫొనీ. ఒక వరస ముందుండి మిగతావన్నీ కార్డులతో దాన్ని మోస్తే హోమోఫొనీ, సినిమా పాటకి గిటార్ వాయించినట్టు. ఎవరి వరస వాళ్లదై అన్నీ సమాన హోదాలో నడిస్తే పాలిఫొనీ. మన కచేరీలో గాయకుడు పాడింది వయొలిన్ నీడలా వెంటాడుతూ వాయిస్తుందే, దాన్ని హెటెరోఫొనీ అంటారు. మన చెవికి బాగా అలవాటైనది అదే కాబట్టి ఫ్లూట్‌ని వయొలిన్ అనుకరిస్తుంటే మొదట మనకి ‘నీడ’ లాగే వినపడుతుంది. కానీ ఇది నీడ కాదు. వయొలిన్ అనుకరణ మొదలుపెట్టేసరికి ఫ్లూట్ వేరే మాటలోకి వెళ్లిపోయి ఉంటుంది, రెండూ ఒకేసారి నడుస్తాయి. ఒక్క చోట దీన్ని పట్టుకున్నారంటే మిగతా కాన్సెర్టో అంతా తెరుచుకుంటుంది.

ఒక చిన్న కిటుకు చెబుతాను. రెండు వరసల్లో ఏది మెల్లగా నడుస్తోందో దాన్ని మనసులో పాడుకోండి. వేగంగా వెళ్లేది ఎలాగూ చెవిలో పడుతుంది, మెల్లగా వెళ్లేదాన్నే మనం పోగొట్టుకుంటాం.

ఈ పోగుల లెక్క కష్టంగా ఉంటే ఒక్క ఐదు నిమిషాలు బాక్‌ని పక్కనపెట్టి ఇటలీ స్వరకర్త వివాల్డి ‘వసంతం’ రెండో భాగం వినండి. 1725లో అచ్చయిన ‘నాలుగు రుతువుల’లో మొదటిది అది. పొరలు విడదీసి చూపించడానికి అంతకన్నా సులువైన పాఠం నాకు కనపడలేదు. పైన సోలో వయొలిన్, నిద్రపోతున్న మేకల కాపరి. మధ్యలో రెండు వయొలిన్లు మెల్లగా ఊగుతూ, ఆకుల గలగల. కింద వయోలా ఒక్కటే, మొరిగే కుక్క. చెల్లో లేదు, కంటిన్యువో లేదు. మిగతావాళ్లు గుసగుసలాడుతుంటే వయోలాని మాత్రం గట్టిగా, పీకినట్టు వాయించమన్నాడు వివాల్డి. మూడే పొరలు, మూడూ కలవవు. అక్కడ చెవికి పదును పెట్టుకుని మళ్లీ బాక్ దగ్గరికి రండి.

ఐదు: హార్ప్సికార్డ్ మీద నిఘా

ఇక్కణ్నుంచి మొదటి భాగం అంతా హార్ప్సికార్డ్‌ని మాత్రమే పట్టుకుని వినండి. దానికి రెండు ఉద్యోగాలున్నాయి. రిటోర్నెల్లో ముక్క వచ్చినప్పుడల్లా వెనక్కి వెళ్లి కార్డులు నింపుతుంది. సోలో రాగానే ముందుకొచ్చి తన వరస తను వాయిస్తుంది. ఎప్పుడు మారుతోందో కాగితం మీద గుర్తులు పెట్టండి. ‘వె’ అంటే వెనక, ‘ముం’ అంటే ముందు.

వెనక వరస వాళ్లు కూడా ఊరికే కూర్చోరు. సోలో మధ్యమధ్యలో మెత్తగా రెండు ముక్కలు అని తగ్గిపోతారు. మెత్తగా ఎందుకంటే ఆ చెక్క ఫ్లూటూ, గొంతు పెంచలేని హార్ప్సికార్డూ మునగకుండా ఉండాలి కాబట్టి. వాద్యాల బలహీనతల చుట్టూ అల్లిక ఎలా కట్టాడో అక్కడ తెలుస్తుంది.

భాగం మధ్యలో ఒకచోట ఎఫ్ షార్ప్ మైనర్ అనే వేరే స్కేల్‌లోకి వెళ్లి లోకమే మారిపోతుంది. రిటోర్నెల్లో జాడ ఉండదు. ఫ్లూట్, వయొలిన్ మెల్లగా, నిట్టూర్పుల్లా మాట్లాడుకుంటాయి. వేగం మారలేదు కానీ మారినట్టుంటుంది. నాకు ఈ కాన్సెర్టో మొత్తంలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే, తర్వాత హార్ప్సికార్డ్ ఒంటరిగా వాయించే కెడెంజా కన్నా కూడా.

ఆ తర్వాత మీ కాగితం మీద ‘ముం’ గుర్తులు దగ్గర దగ్గరగా పడటం మొదలవుతుంది. హార్ప్సికార్డ్ వేగం రెట్టింపవుతుంది. సుడులు తిరిగే పరుగులు వస్తాయి. ఫ్లూట్, వయొలిన్ ఇంకా ఏదో అంటూనే ఉంటాయి, కానీ వాళ్ల మాటలు చిన్నవైపోతాయి. ఒకరొకరుగా తగ్గిపోతారు. 154వ బార్ దగ్గర అందరూ ఆగిపోతారు. నేను ఫైల్ పాడైందనుకున్న చోటు అదే.

అక్కడ స్కోర్‌లో మిగతా వాద్యాలు లేకుండా సోలో అని రాసి ఉంటుంది. 154 నుంచి 218 దాకా 65 బార్లు ఒక్క హార్ప్సికార్డే. ఈ భాగం మొత్తం 227 బార్లు, అంటే నాలుగో వంతుకు పైనే పక్కవాద్యం చేతిలో పెట్టాడు. తని ఆవర్తనం తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అంతసేపూ తోడు నడిచిన మృదంగం ఒక్కసారి వేదికంతా తనదై వాయిస్తుంటే ముందున్న గాయకుడు తాళం వేస్తూ కూర్చోడూ, ఇదీ అలాంటిదే. ఒక తేడా మాత్రం ఉంది, ఇక్కడ ప్రతి స్వరమూ బాక్ రాసిపెట్టిందే.

ఈ 65 బార్లని మూడు మజిలీలుగా వినండి. మొదట ఇందాక సోలోల్లో విన్న పలుకులే రెండు చేతుల మధ్య అల్లుకుంటాయి, ఇంకా పాలిఫొనీయే. తర్వాత వేగం పెరిగి పలుకులు కరిగిపోయి కార్డులు ధారలుగా కారతాయి. చివరికి ఎడమ చెయ్యి ఒకే స్వరం మీద మంకుపట్టు పట్టి కూర్చుంటే దాని మీద కుడి చెయ్యి టెన్షన్ పెంచుకుంటూ పోతుంది. ముందు చెప్పానే, గొంతు పెంచలేని వాద్యం స్వరాలు పెంచుతుందని. ఇదే అది. 219వ బార్‌లో అందరూ ఒక్కసారిగా రిటోర్నెల్లో అందుకుంటారు, మొదట్లో ఎలా వచ్చిందో అలా పూర్తిగా. మధ్యలో ఎక్కడా అది పూర్తిగా రాలేదని అప్పుడు తడుతుంది.

ఇంత పెద్ద సోలో ఎందుకు? 1719లో బాక్ కోతెన్ ఆస్థానం కోసం బెర్లిన్‌లో మీహెల్ మీట్కే తయారుచేసిన కొత్త హార్ప్సికార్డ్ తీసుకొచ్చాడు. దాన్ని చూపించుకోవడానికే ఇది రాశాడని చాలామంది పండితుల ఊహ. ఈ కాన్సెర్టోకి ఇంకా పాత రూపం ఒకటి దొరికింది, అందులో ఈ సోలో 20 బార్లు కూడా ఉండదు. ఎందుకు పెంచాడన్నది ఎవరి ఊహ వాళ్లది. కొత్త బండి వచ్చిన ఇంట్లో ఊరి చివరి దాకా పనేదో కల్పించుకుని వెళ్తాం కదా, నాకైతే అలాగే అనిపిస్తుంది.

ఆరు: మిగతా రెండు భాగాలు

రెండో భాగం ‘అఫెట్టుయోసో’, బి మైనర్. వెనక వరస మొత్తం లేచి వెళ్లిపోయినట్టే, ముగ్గురే ఉంటారు. అయినా ‘అందరూ’, ‘కొందరు’ అన్న తేడా వినిపిస్తుంది. కారణం మళ్లీ హార్ప్సికార్డే. కొన్నిచోట్ల అంకెల కార్డులు వేస్తూ వెనక్కి తగ్గుతుంది, కొన్నిచోట్ల కుడి చేత్తో మూడో గాయకుడిలా చేరుతుంది. మీ ‘వె’, ‘ముం’ గుర్తులు ఇక్కడా పెట్టి చూడండి.

మూడో భాగం ఒకటి, రెండు అని లెక్కపెట్టడం నేర్పినట్టుంటుంది. వయొలిన్ ఒక్కటే మొదలుపెడుతుంది. రెండు బార్లు మోనోఫొనీ. తకిట తకిట అని లెక్క వేసుకుంటే లయ దొరుకుతుంది. 3వ బార్‌లో ఫ్లూట్ అదే మాటతో వస్తుంది, రెండు పోగులు. 9లో హార్ప్సికార్డ్ ఎడమ చెయ్యి, 11లో కుడి చెయ్యి. ఆ 9వ బార్ దాకా కింద నేల లేదన్న సంగతి గమనించారా? ఇలా ఒకే మాటని ఒకరి తర్వాత ఒకరు అందుకోవడమే ఫ్యూగ్ పద్ధతి. వెనక వరస 29వ బార్‌లో గానీ రాదు. 79 నుంచి 232 దాకా బి మైనర్‌లో మధ్య భాగం, అదే మాటని సాగదీసి పాటలా చేసి ఫ్లూట్ ఎత్తుకుంటుంది. 233 నుంచి మొదటి 78 బార్లూ మళ్లీ అలాగే వస్తాయి. కాబట్టి మొదట్లో ఏ పోగైనా జారిపోయి ఉంటే పట్టుకోవడానికి రెండో అవకాశం దొరికినట్టే.

ఏడు: బొమ్మ గీయండి

కాగితం అడ్డంగా పెట్టి ఎడమ పక్కన ఏడు వాద్యాల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. కాలం ఎడమ నుంచి కుడికి. ఒక వాద్యం వాయిస్తున్నంతసేపు గీత, ఆగితే ఖాళీ. సొంత వరస ఉంటే ముదురు గీత, తోడు మాత్రమే అయితే చుక్కల గీత. మొదటి భాగాన్ని ఒకేసారి గీయాలని చూడకండి, అరనిమిషం చొప్పున ఆపి ఆపి గీయండి. నాకు మొదటిసారి దాదాపు గంట పట్టింది, సగం తప్పులు. వయోలా గీత చాలాచోట్ల వదిలేశాను, చెల్లోనీ వయొలోనెనీ ఒకటే అనుకున్నాను.

గీత పూర్తయ్యాక కాగితాన్ని దూరంగా పట్టుకుని చూడండి. మూడో వరసలో హార్ప్సికార్డ్ గీత మొదట చుక్కలు చుక్కలుగా ఉండి, తర్వాత ముదురు ముక్కలై, కుడివైపుకి వచ్చేసరికి మిగతా ఆరు వరసలూ ఖాళీగా ఉన్నచోట ఒక్కటే నల్లగా సాగుతుంది. ఆ ఖాళీ అయ్యాక ఏడు గీతలూ ఒకే నిలువు గీత దగ్గర మొదలవుతాయి. హార్ప్సికార్డ్‌ది మళ్లీ చుక్కల గీతే.